జోర్డన్ పూల్‌కి పడిన గుద్దు: డ్రేమండ్ గ్రీన్‌ని ఇంకా వెనకేసుకు రావాలా?

శ్రీకాంత్_ఫ్రీమాంట్:
అందరికీ నమస్తే. 2013 నుంచి ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ జట్టు గోల్డెన్ స్టేట్ వారియర్స్ అభిమానిని. ఆట ఇంకా ఓక్లండ్ ఓరాకిల్ అరీనాలో జరిగే రోజుల్లో, అన్నింటికన్నా పై వరసలో కూర్చుని గొంతు పోయేదాకా అరిచినవాణ్ణే.

మావాడికి పదకొండేళ్లు. పోయిన శనివారం వాడి జట్టు ఆటలో రీబౌండ్ (షాట్ తప్పి వెనక్కొచ్చిన బంతి) దగ్గర తోపులాట అయింది. మావాడు వెనక నుంచి వెళ్లి అవతలి పిల్లాడి మెడ చుట్టూ చెయ్యేసి లాగాడు. విజిల్ ఊదారు, బయటికి పంపేశారు. కారెక్కాక "ఏంట్రా అది?" అని కేకలేస్తే, సీటు బెల్టు పెట్టుకుంటూ తాపీగా "డ్రేమండ్ చేస్తే నువ్వు నవ్వావుగా నాన్నా" అన్నాడు.

నిజమే, నవ్వాను. 2023 నవంబరు 14న మిన్నెసోటాతో ఆట, ఇంకా స్కోరు 0-0. మా క్లే థాంప్సన్, అవతలి మెక్‌డానియెల్స్ కలబడ్డారు, విడదీయడానికి వాళ్ల గొబేర్ వచ్చాడు. మా డ్రేమండ్ గ్రీన్ వెనక నుంచి గొబేర్ మెడ పట్టి ఈడ్చుకుపోయాడు. నేను సోఫాలో ఉన్నాను, "మనోడు మొదలెట్టాడ్రా" అని నవ్వాను. పిల్లాడు పక్కనే ఉన్నాడు. ఒంటి మీద 23 నంబరు చొక్కా. నేనే కొనిచ్చింది.

ఇంటికొచ్చాక, 2022లో ప్రాక్టీసులో డ్రేమండ్ సొంత జట్టు కుర్రాడు జోర్డన్ పూల్‌ని గుద్దిన వీడియో మళ్లీ చూశాను. ఇన్నాళ్లూ దాన్ని పూర్తిగా చూడలేదని అప్పుడు తెలిసింది. మీరేమంటారు?

ఓరుగల్లు_డంకర్:
అన్నా, ఇన్నేండ్లకు అడిగినవ్, సంతోషం. మేం 2016 కెల్లి మొత్తుకుంటనే ఉన్నం. స్టీవెన్ ఆడమ్స్‌ను ఎక్కడ తన్నిండో ఆడోళ్లున్న గ్రూపుల రాయబుద్ధి గాదు. గప్పుడు మీ వారియర్స్ అన్నలు ఏమన్నరో యాదికుందా? "షాట్ కొట్టేటప్పుడు కాలు గట్లనే లేస్తది, కావాలని చెయ్యలే" అన్నరు. సబోనిస్ ఛాతి మీద తొక్కితే "కాలు పెట్టనీకి జాగ లేకుండె" అన్నరు. నుర్కిచ్ మొకం మీద కొడితే "ఫౌల్ అడిగేందుకు చెయ్యి తిప్పిండు" అన్నరు. గాయన ఒళ్లంత గాయన మాట ఇనదా ఏంది?

కడపోడు:
ఏమప్పా, కాలు ఒగపక్క, చెయ్యి ఒగపక్క, మొనగాడు మాత్రం అమాయకుడు. ఈ కత బాగుండాది.

లెక్కల_రాయుడు:
వరసగా చెప్పుకుంటే తప్ప ఇది సరిగ్గా అర్థం కాదు. 2016 ప్లేఆఫ్స్‌లో హ్యూస్టన్‌తో ఆటలో ఒక ఫ్లాగ్రెంట్-1 (మోటు ఫౌల్), అంటే ఒక శిక్ష పాయింటు. తర్వాత ఆడమ్స్‌ని తన్నినందుకు ఫ్లాగ్రెంట్-2, మరో రెండు పాయింట్లు, పైగా 25,000 డాలర్ల జరిమానా. మొత్తం మూడు. ప్లేఆఫ్స్‌లో మూడు దాటితే ఒక ఆట సస్పెన్షన్. ఇది ఆయనకూ తెలుసు, కోచ్‌కీ తెలుసు, టికెట్ కొన్న ప్రతివాడికీ తెలుసు. క్లీవ్‌లాండ్‌తో ఫైనల్స్ నాలుగో ఆటలో వారియర్స్ గెలుస్తున్నారు, సిరీస్ 3-1 కాబోతోంది. కింద పడ్డ గ్రీన్ మీద నుంచి లెబ్రాన్ దాటుకుంటూ వెళ్లాడు. అది అవమానమే, కాదనను. గ్రీన్ చెయ్యి విసిరాడు, తగలకూడని చోట తగిలింది. ఆట అయ్యాక లీగ్ దాన్ని ఫ్లాగ్రెంట్-1 చేసింది. నాలుగో పాయింటు.

అయిదో ఆటకి ఆయన్ని అరీనాలోకే రానివ్వలేదు. పక్కనే ఉన్న బేస్‌బాల్ స్టేడియంలో కూర్చుని చూశాడు. ఇటు లెబ్రాన్ 41 పాయింట్లు, అతని జట్టు కైరీ 41. అక్కడ మొదలైన పతనం ఏడో ఆట దాకా ఆగలేదు. ఫైనల్స్‌లో 3-1 ఆధిక్యం పోగొట్టుకున్న మొదటి జట్టు అదే.

కడపోడు:
ఆ ఏడో ఆటలో 32 పాయింట్లు, 15 రీబౌండ్లు, 9 అసిస్టులు గూడా ఆ మనిషివే సామీ. జట్టులో అందరికన్నా ఎక్కువ కొట్టినాడు. ఆ ముక్క ఎందుకు రాయలా?

లెక్కల_రాయుడు:
రాయకపోవడం తప్పే. ఆ రోజు ఆయన ఆడినట్టు మిగతావాళ్లు ఆడి ఉంటే ఈ గోలే ఉండేది కాదు.

చిన్ని_పాయింట్‌గార్డ్:
ఓరుగల్లు అన్నా, ఆడవాళ్లున్నారని ఇబ్బంది పడకండి. మేమూ పెయింట్‌లోకి, అంటే హూప్ కిందకి వెళ్లి మోచేతులు తిన్నవాళ్లమే :)

నాకు ఇతనంటే ఇష్టం, ముందే చెప్పేస్తున్నా. ఎందుకో కూడా చెప్తాను. టీవీలో బంతిని చూడటం మానేసి ఒక్క క్వార్టర్ పాటు ఇతన్నే చూడండి. అవతలివాళ్లు స్క్రీన్ పెట్టబోతున్నారని (దారికి అడ్డం నిలబడబోతున్నారని) వాళ్లకంటే ముందు ఇతనికి తెలుస్తుంది. చేత్తో చూపిస్తాడు, అరుస్తాడు, తన మనిషిని వదిలేసి రెండడుగులు పక్కకి జరుగుతాడు. ఆ రెండడుగుల వల్ల లే-అప్ పడాల్సిన చోట పాస్ వెనక్కి వెళ్తుంది. స్కోరు పట్టికలో అది ఎక్కడా పడదు. ఎత్తు ఆరున్నర అడుగులు, ఏడడుగుల సెంటర్ల మీద డిఫెన్స్ ఆడతాడు. జట్లు కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2012లో 35వ స్థానం, అంటే ముందు ముప్ఫై నలుగురిని తీసుకున్నాక గానీ ఎవరూ తీసుకోని మనిషి. 2017 ఫిబ్రవరిలో మెంఫిస్ మీద 4 పాయింట్లే కొట్టి ట్రిపుల్ డబుల్ (మూడు లెక్కల్లో పదికి తగ్గకుండా) చేశాడు: 12 రీబౌండ్లు, 10 అసిస్టులు, 10 స్టీల్స్. పది పాయింట్లు కొట్టకుండా ఆ పని అంతకుముందు ఎవరూ చెయ్యలేదు.

జట్టు స్టార్ కర్రీ లేకపోతే వారియర్స్‌కి ఆ నాలుగు టైటిళ్లు లేవు, నిజం. ఇతను లేకపోయినా లేవు. ఇబ్బంది అక్కడే ఉంది.

ఓరుగల్లు_డంకర్:
అక్కా, ఆట మంచిగ ఆడతడు, ఎవరు కాదన్నరు? ఆట గురించి గాదు ముచ్చట. సాక్రమెంటోల సబోనిస్‌ను తొక్కినంక ఏం చేసిండో చూసినవా? రివ్యూ నడుస్తుంటే చెవి దగ్గర చెయ్యి పెట్టి, ఇంకా అరవుండ్రి అని జనాన్ని రెచ్చగొట్టిండు. కోపంల తప్పు చేసినోడు గట్ల చేస్తడా?

శ్రీకాంత్_ఫ్రీమాంట్:
సబోనిస్ ముందు కాలు పట్టుకున్నాడు కదా? అతనికీ టెక్నికల్ ఫౌల్ ఇచ్చారు.

(రాసి చూసుకుంటే నాకే నవ్వొస్తోంది. పదేళ్ల అలవాటు, నోట్లోంచి ముందు వకాల్తా వస్తుంది.)

ఓరుగల్లు_డంకర్:
గిదే గిదే 😂

పీఈటీ_మాస్టారు:
నమస్కారమండి. పశ్చిమ గోదావరిలో ముప్ఫై ఏళ్లు పీఈటీగా చేసి రిటైరయ్యాను. మీ అందరి కంటే పెద్దవాణ్ణి కాబట్టి కొంచెం పొడుగ్గా రాసినా ఓర్చుకోండి.

మీరు అన్నీ ఒకే గాటన కడుతున్నారు. ఆడమ్స్, లెబ్రాన్, సబోనిస్, గొబేర్, నుర్కిచ్ వీళ్లంతా ప్రత్యర్థులు. వాళ్ల మీద చెయ్యి చేసుకోవడం తప్పే, కానీ అక్కడ రెఫరీ ఉన్నాడు, కెమెరాలున్నాయి, లీగ్ ఉంది, అవతలి మనిషి వెనక పధ్నాలుగు మంది ఉన్నారు. దాన్ని మోటుతనం అనండి, క్రీడాస్ఫూర్తి లేకపోవడం అనండి. జోర్డన్ పూల్ సంగతి వేరు. 2022 అక్టోబరు 5, ప్రాక్టీసు. విజిల్ లేదు, టికెట్ కొన్నవాడు లేడు. కొట్టినవాడికి నాలుగు టైటిళ్లు, జట్టుకి గొంతు అతనే. తిన్నవాడికి ఇరవై మూడేళ్లు. దీన్ని మన హాస్టళ్లలో ఏమంటారో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఆ వీడియోకి శబ్దం లేదు. నేను నాలుగైదు సార్లు చూశాను. గ్రీన్ నడుచుకుంటూ వచ్చి ఛాతీకి ఛాతీ ఆనేంత దగ్గరగా నిలబడ్డాడు. పూల్ రెండు చేతులతో తోశాడు. ఆ వెంటనే గుద్దు. పూల్ వెనక గోడకి పడ్డాడు. నన్ను పట్టింది గుద్దు కాదండి, దానికి ముందు ఆ రెండు మూడు క్షణాలు. చుట్టూ మనుషులున్నారు. గ్రీన్ నడిచి వస్తున్నప్పుడు ఎవరూ అడ్డం వెళ్లలేదు. పెద్దవాడు ఏదో అంటాడు, చిన్నవాడు పడతాడు, అయిపోతుంది అనుకుని ఉంటారు. చిన్నవాడు తోశాడు చూడండి, లెక్క అక్కడ తప్పింది.

కడపోడు:
మాస్టారూ, ముందు చెయ్యేసింది పూలే కదా. మీరే రాసినారు.

పీఈటీ_మాస్టారు:
వేశాడు బాబూ. మీద మీదకి వచ్చి ముక్కుకి ముక్కు ఆనించినవాణ్ణి తొయ్యక, చేతులు కట్టుకుని నిలబడతాడా? తోపుకి తోపు, అక్కడితో సరి. గుద్దు దానికి జవాబు కాదు.

చిన్ని_పాయింట్‌గార్డ్:
మాస్టారుగారూ, అప్పటి వారియర్స్ కోచ్ స్టీవ్ కెర్ సంగతి కూడా ఇందులోకి రావాలండీ. 1995లో తను షికాగో బుల్స్‌కి ఆడే రోజుల్లో, క్యాంపులో మైకేల్ జోర్డన్ గుద్దింది ఈ కెర్‌నే. కన్ను కమిలిపోయింది. ఆ రోజు కోచ్ ఫిల్ జాక్సన్ జోర్డన్‌ని ప్రాక్టీసు నుంచి పంపించేశాడు, తర్వాత జోర్డన్ ఫోన్ చేసి క్షమాపణ చెప్పాడు. ఎదురు తిరగడం వల్లే తన మీద జోర్డన్‌కి గౌరవం పెరిగిందని కెర్ చాలాసార్లు చెప్పాడు. 1997 ఫైనల్స్ ఆరో ఆటలో జోర్డన్ పాస్ ఇస్తే గెలుపు షాట్ కొట్టిందీ కెరే. కథ అంత అందంగా ముగిసింది కాబట్టి, గుద్దు కూడా మంచికే అయినట్టు అందరం చెప్పుకుంటాం. కెర్ ఆ షాట్ మిస్సయి ఉంటే?

నాకెప్పుడూ ఒక అనుమానం. తను ఒకప్పుడు గుద్దు తిని, అది తన మంచికే అయిందనుకున్న మనిషి, వేరే పిల్లాడు గుద్దు తిన్నప్పుడు ఏం చూస్తాడు?

లెక్కల_రాయుడు:
కెర్‌కి న్యాయం చెయ్యాలంటే, తను కోచ్ అయినప్పటి నుంచి జట్టుకి ఇంత పెద్ద సంక్షోభం రాలేదని ఆయన అప్పుడే ఒప్పుకున్నాడు. ఒప్పుకుని చేసింది మాత్రం జరిమానా. సస్పెన్షన్ లేదు. కొన్నాళ్లు గ్రీన్ తనంతట తను దూరంగా ఉన్నాడు, పూల్‌కీ వాళ్ల కుటుంబానికీ విలేకర్ల ముందు క్షమాపణ చెప్పాడు. అక్టోబరు 18న మొదటి ఆటకి, టైటిల్ ఉంగరాలు పంచే రాత్రికి, వచ్చేశాడు. ఇంకో ముచ్చట: ఆ వీడియో బయటికి ఎలా పొక్కిందో కనిపెట్టడానికి జట్టు గట్టిగానే కదిలిందని అప్పట్లో వార్తలు.

ఓరుగల్లు_డంకర్:
కొట్టినోడు దొరికిండు, ఇగ చూపించినోన్ని దేవులాడిండ్రు. మస్తుంది.

కింగ్‌జేమ్స్_భక్తుడు:
ఇతను ఆటగాడే కాదు, వీధి కుక్క. వారియర్స్ ఫ్యాన్సంతా ఇంతే, బానిస

నిర్వాహకుడు:
పై సందేశంలో సగం తీసేశాను. ఆటగాణ్ణి విమర్శించండి, తిట్లు వద్దు. సభ్యుల జోలికి వస్తే నెల రోజులు బయటే. కొనసాగించండి.

కడపోడు:
ఫ్లాగ్రెంట్-1 😄

శ్రీకాంత్_ఫ్రీమాంట్:
మాస్టారుగారి మాట చదివాక 2023 వేసవి గుర్తొచ్చింది. ఆ సీజన్ లేకర్స్ చేతిలో రెండో రౌండ్‌లో పోయింది. ఆ గుద్దు ప్రభావం సీజనంతా ఉందని, నమ్మకం పోయిందని కెరే అన్నాడు. సరే, అంత తెలిసినప్పుడు ఆ వేసవిలో ఏం జరిగింది? పూల్‌ని వాషింగ్టన్‌కి పంపేశారు. గ్రీన్‌కి నాలుగేళ్లకి పది కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చారు.

ఆ రోజు నేను ఈ వేదికలోనే "మంచి పని చేశారు, పూల్ డిఫెన్స్ ఆడడు" అని రాశాను. వెతికి చూశాను, ఇంకా ఉంది. పదకొండు లైకులు.

కడపోడు:
ఆ లైకుల్లో ఒగటి నాది. ఇప్పుడు గూడా వెనక్కి తీసుకోను. పూల్ డిఫెన్స్ నిజంగానే ఆడడు. జీతం గూడా ఎక్కువే, గుద్దు తిన్న పది రోజులకే నాలుగేండ్ల కొత్త కాంట్రాక్టు వచ్చినాది. వ్యాపారం వ్యాపారమే అబ్బయ్యా.

చిన్ని_పాయింట్‌గార్డ్:
కడపన్నా, వ్యాపారం లెక్కన మీరన్నది కరెక్టే. అందుకే ఒక సంగతి రాస్తాను, వద్దనుకున్నాను గానీ.

నేను యూనివర్సిటీ జట్టుకి ఆడిన రోజుల్లో (ఏ యూనివర్సిటీయో అడక్కండి) మా కెప్టెన్ అక్క నాకంటే మూడేళ్లు పెద్ద. రాష్ట్రంలో ఆ వయసులో అంతటి సెంటర్ లేదు. ప్రాక్టీసులో నేను పాస్ తప్పు ఇస్తే బంతి తీసుకుని నా కాళ్ల మీదకి కొట్టేది. ఆటలో కాదు, ఆగి, గురి చూసి. సిమెంటు కోర్టు, మే నెల ఎండ, మోకాలి కింద బంతి తగిలితే ఆ చప్పుడు ఇప్పటికీ గుర్తే. మా బూట్లు మేము తుడుచుకునే ముందు ఆమెవి తుడవాలి. సార్‌కి తెలుసు. "ఆ అమ్మాయి లేకపోతే మనకి సెమీస్ లేదమ్మా, నువ్వు కాస్త సర్దుకో" అన్నారు. సర్దుకున్నాను. కప్పు కొట్టాం. ఫొటోలో నేను ఆమె పక్కనే నవ్వుతూ ఉన్నాను.

మరుసటి ఏడు ఆమె వెళ్లిపోయింది. కొత్త జూనియర్ ఒకమ్మాయి పాస్ తప్పు ఇచ్చింది. బంతి నా చేతిలో ఉంది. కొట్టలేదు, కానీ కొట్టడానికి చెయ్యి ఎత్తాను. ఆ పిల్ల కాళ్లు ముడుచుకుంది. ఆ పిల్లకి అలవాటు లేదు, అయినా ముడుచుకుంది. ఏం రాబోతోందో నా మొహంలో కనబడి ఉంటుంది.

గ్రీన్ డిఫెన్స్ నాకు ఇప్పటికీ ఇష్టమే. కానీ పూల్ ఆ తర్వాత సీజనంతా గ్రీన్‌కి పాస్ ఇస్తున్నప్పుడల్లా నా కళ్లు అతని మొహం మీదే ఉండేవి.

ఓరుగల్లు_డంకర్:
అక్కా... ఏం రాయాల్నో తెలుస్తలేదు.

పీఈటీ_మాస్టారు:
అమ్మా, ఆ "సార్" లాంటి మాటలు నేనూ అన్నానేమో అని రాత్రంతా ఆలోచిస్తాను ఇప్పుడు. ఒకరిద్దరు పిల్లలు గుర్తొస్తున్నారు. జిల్లా పోటీల ముందు మంచి ఆటగాణ్ణి కూర్చోబెట్టడం ఎంత కష్టమో బయటివాళ్లకి తెలియదు. హెడ్‌మాస్టారు అడుగుతారు, ఊళ్లో పెద్దలు అడుగుతారు. రెండు ఆటలు కూర్చోబెడితే నలభై మంది పిల్లలు చూసి నేర్చుకుంటారని తెలుసు. తెలిసీ ఆడించానండి.

లెక్కల_రాయుడు:
శిక్షల సంగతి చూస్తే ఇదే కనబడుతుంది. 1977 డిసెంబరులో కెర్మిట్ వాషింగ్టన్ రూడీ టామ్‌జనోవిచ్‌ని గుద్దితే ముఖం ఎముకలు విరిగి ప్రాణం మీదకి వచ్చింది. 60 రోజుల సస్పెన్షన్. 1997 డిసెంబరులో ఇదే వారియర్స్ ప్రాక్టీసులో లాట్రెల్ స్ప్రీవెల్ కోచ్ కార్లెసిమో గొంతు పట్టుకున్నాడు. ముందు ఏడాది అన్నారు, చివరికి 68 ఆటలయ్యాయి. 2004 నవంబరులో రాన్ ఆర్టెస్ట్ ప్రేక్షకుల్లోకి దూకినందుకు మిగిలిన సీజనంతా పోయింది. గ్రీన్‌కి గొబేర్ మెడ పట్టినందుకు 5 ఆటలు. నెల తిరక్కుండా నుర్కిచ్‌ని కొట్టినందుకు నిరవధిక సస్పెన్షన్, అది 12 ఆటల దగ్గర తేలింది. ఆ రోజుల్లో ఆట మానేద్దామనుకున్నానని, కమిషనర్ ఆడమ్ సిల్వర్ వద్దన్నాడని తర్వాత గ్రీనే చెప్పాడు.

కోచ్ మీద చెయ్యేస్తే 68 ఆటలు. అదే జట్టు ప్రాక్టీసులో ఇరవై మూడేళ్ల తోటి ఆటగాణ్ణి గుద్దితే సున్నా ఆటలు. పక్కపక్కన పెట్టి చూడండి.

కడపోడు:
ఇది మాత్రం బాగ రాసినావప్పా. నేనింగ వాదించలేను. అయినా ఒగ మాట. పన్నెండు ఆటలు కూర్చోబెట్టినాక మారినాడా? 2024 మార్చిలో ఓర్లాండోలో నాలుగు నిమిషాలు గూడా గాకముందే రెండు టెక్నికల్స్, బయటికి. ప్లేఆఫ్ బెర్తు కోసం ప్రాణాలు పెట్టి ఆడతాండే రోజులవి. ఆ పొద్దు కర్రీ మొగం చూసినారా? కండ్లల్లో నీళ్లు దిరిగినాయి. ఆట గెలిచినారులే. ఆ మొగం మాత్రం నాకు ఇంగా గుర్తే.

ఓరుగల్లు_డంకర్:
కర్రీ గూడ పదేండ్లు ఏమనకపాయె గదా. దోస్తు అని ఊకున్నడు. ఆఖరికి ఏడ్వాల్సి వచ్చింది.

చిన్ని_పాయింట్‌గార్డ్:
బయట ఏమనలేదు. లోపల ఏమన్నాడో మనకెలా తెలుస్తుంది?

ఓరుగల్లు_డంకర్:
అది గూడ నిజమే.

పీఈటీ_మాస్టారు:
శ్రీకాంత్ గారూ, ఇంతకీ అబ్బాయి సంగతి చెప్పలేదు. ఆ అవతలి పిల్లాడికి దెబ్బేమీ తగల్లేదు కదా?

శ్రీకాంత్_ఫ్రీమాంట్:
లేదండి, మెడ దగ్గర కాస్త గీరుకుంది. ఆదివారం మావాణ్ణి తీసుకుని వాళ్లింటికి వెళ్లాను, నాలుగు వీధుల అవతలే. వాళ్లమ్మ తలుపు తీసింది. మావాడు సారీ చెప్పాడు, నేల చూస్తూ. ఆ పిల్లాడు "సరే" అని, "మీ పెరట్లో హూప్ ఉందటగా" అని అడిగాడు. పిల్లల పని అక్కడితో అయిపోయింది. నా పని అవ్వలేదు. గొబేర్ సంగతికి నవ్వడం నా తప్పని వాడికి చెప్పాలి, ఎలాగో తెలియక రెండు రోజులు తిరిగాను. ఆఖరికి రాత్రి పూల్ వీడియో పెట్టి చూపించాను. కరెక్టో కాదో తెలియదు. వాడు చూసి "వాళ్లిద్దరిదీ ఒకే టీమా?" అన్నాడు. అవునన్నాను. ఇంకోసారి పెట్టమన్నాడు. మళ్లీ చూశాక ఏమీ అనలేదు.

23 చొక్కా తీసేద్దామా అని నేనే అడిగాను. "ఎందుకు, డిఫెన్స్ బాగా ఆడతాడుగా" అన్నాడు. మరుసటి ప్రాక్టీసుకి దాన్నే వేసుకెళ్లాడు. వచ్చాక దాని వీపు మీద మట్టి మరక ఉంది. ఏమైందిరా అంటే, ఆ పిల్లాడు స్క్రీన్ పెడితే పడ్డానన్నాడు. ఫౌల్ కాదట.

కడపోడు:
ఆ పిల్లోని పేరు రాసిపెట్టుకో అబ్బయ్యా, మంచి స్క్రీన్ పెట్టేటోళ్లు దొరకరు. రేపు పొద్దున మనకు ఎనిమిదిన్నరకు ఆట. ఆఫీసు మీటింగు తొమ్మిదికి. మొదటి క్వార్టర్ ఎవురన్నా ఈడ రాస్తాండండి.

ఓరుగల్లు_డంకర్:
నేను రాస్త. గ్రీన్ ఎన్ని నిమిషాలకు బయటికి పోతడో గూడ రాస్త 😄